ఆవిడ అడ్డం పెట్టిన చెయ్యి

భీమవరం దగ్గర మా హైస్కూలుకి, పిల్లలకు వాళ్ల హక్కులు చెప్పడానికి నెలకోసారి ఒకావిడ వచ్చేది. చెప్పడం తక్కువే. ఒక ప్రశ్న అడిగి, జవాబొచ్చేదాకా అలా కూర్చునేది. మధ్యలో టీచర్లం ఎవరమైనా నోరు తెరిస్తే, అటు చూడకుండానే అరచెయ్యి అడ్డం పెట్టేది. నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు ఎనిమిదో తరగతి పిల్లని అడిగింది. "బడి మానేస్తానన్నావట, ఎందుకమ్మా?"

"బద్ధకమండి. దాని రాత చూడండి, కోడి కెలికినట్టుంటుంది," అన్నాను నేను.

చెయ్యి లేచింది. "మిమ్మల్ని కాదండి."

నేను రెండుసార్లు గడియారం చూసుకున్నాక, ఆ పిల్ల తలెత్తకుండానే చెప్పింది. "పొద్దున్నే అమ్మతో షెడ్డుకెళ్లి ఐసులో రొయ్యలు వలిచొస్తానండి. వేళ్లు మొద్దుబారి పెన్ను నిలవదండి. రాత బాలేదని ఈ మేడం గారు రోజూ నిలబెడతారు. షెడ్డులో అయితే ఎవరూ తిట్టరండి."

ఆవిడ నావైపు చూడలేదు. చూసుంటే ఏదో ఒకటి వాదించేదాన్ని.

తర్వాత వాళ్లమ్మతో మాట్లాడి షెడ్డు మాన్పించింది ఆవిడే. ఆ పిల్ల ఇప్పుడు పదో తరగతి. ఆవిడ రావడం మానేసింది. ఇప్పుడు నేనూ క్లాసులో ప్రశ్న అడిగి ఆగుతాను. పది లెక్కపెట్టేలోపే నా నోరు ఊరుకోదు. ఎవరైనా చెయ్యి అడ్డం పెడితే బాగుండుననిపిస్తుంది.