చర్చి గోడా, నా నాలుకా

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల్లో గట్టి నమ్మకం ఉండేది. కొలవగలిగినదే నిజమన్నది ఒకటి; కొలిచేవాణ్ణి నేనే గనుక ఆ నిజం ఎప్పుడూ నా వద్దే ఉంటుందన్నది రెండోది. ఎనభైల తొలినాళ్లవి. ఇంజినీరింగు పట్టా చేతికొచ్చి ఏడాది తిరగలేదు. పద్మనాభంలో పొద్దున్నే బస్సెక్కి విశాఖపట్నం చేరి, పాత కట్టడాలను బాగుచేసే ఒక చిన్న సంస్థలో ప్రొబేషన్ మీద పనిచేస్తూ ఉండేవాణ్ణి. ఊరు ఊరంతా స్టీల్‌ప్లాంటు జపం చేస్తున్న కాలం. గోపాలపట్నంలో ఏ టీకొట్టు ముందు చూసినా నలుగురు కుర్రవాళ్లు ఇంటర్వ్యూ కార్డు గురించి మాట్లాడుకుంటూ కనిపించేవారు. అలాంటి కాలంలో ఉద్యోగమంటూ ఉన్నవాణ్ణి కనుక నేను కొంచెం నిటారుగా నడిచేవాణ్ణి. (ప్రొబేషన్ అన్న మాటను మాత్రం బంధువుల దగ్గర మింగేసేవాణ్ణి.)

పాత ఊళ్లో సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక పురాతనమైన చర్చి గోడను మా సంస్థకు అప్పగించారు. తూర్పు గోడ అడుగుభాగంలో ఎనిమిది అడుగుల పొడవున, ఆరడుగుల ఎత్తున ఇటుకలు పిండిపిండిగా రాలిపోతున్నాయి. ఎవరో పూర్వీకులు ప్రేమకొద్దీ దాని మీద సిమెంటు పూశారు. ఇటుకల్లోకి చేరిన ఉప్పుకు బయటికి వచ్చే దారి లేక, లోపలే గట్టిపడి ఇటుకను చీల్చుకుంటూ వచ్చింది. మేము చేయవలసింది ఆ సిమెంటు ఒలిచి, ఇటుకల్లోని ఉప్పు లాగి, పాత పద్ధతిలో సున్నపు గచ్చు పూయడం. ఉప్పు పూర్తిగా పోకుండా గచ్చు పూస్తే అది నాలుగు నెలల్లో పెచ్చులుగా ఊడిపోతుంది. వానలు పడేలోగా పూయకపోతే గోడే ఉండదు. మా పెద్ద ఇంజినీరు గారు నన్ను పిలిచి క్లుప్తంగా చెప్పారు: "వానకు ముందు గచ్చు ఎక్కిందా, నువ్వు పర్మనెంటు. ఎక్కలేదా, పద్మనాభం బస్సు నీకు ఎలాగూ అలవాటే."

పనిలో నాకు తోడు సబ్బవరం నుంచి వచ్చే ఒక ముసలి మేస్త్రి. అందరూ ఆయన్ను సున్నం తాత అనేవారు. ఉప్పు లాగడానికి ఆయన పద్ధతి చాలా సాధారణమైనది: మెత్తటి బంకమట్టిని ఇసుకతో కలిపి, తడిగా గోడకు మందంగా పట్టించి, పూర్తిగా ఆరాక ఒలిచేయడం. "జొరం వచ్చినోడి నుదుట తడిగుడ్డ ఏత్తాం సూడు, అలాగే బాబూ. మట్టి ఆరతా ఆరతా లోపలున్న ఉప్పుని లాగేత్తాది" అన్నాడు. లాగిందో లేదో తెలిసేదెలా అన్నాను. తాత నా వైపు జాలిగా చూసి, గోడ దగ్గరికి వెళ్లి, ఇటుకను ఒక్కసారి నాలుకతో తాకి వచ్చాడు. "ఇంకా ఉంది. ఇంకో రెండు పట్లు కావాల."

నాకు నవ్వాగలేదు. నా దగ్గర సిల్వర్ నైట్రేట్ ద్రావణం ఉంది మరి. ఇటుక పొడిని నీళ్లలో కలిపి రెండు చుక్కలు వేస్తే, ఉప్పు ఉన్నంత మేర తెల్లటి మడ్డి దిగుతుంది. ఇరవయ్యో శతాబ్దంలో గోడలు నాకడమేమిటని తాతకు పావుగంట ఉపన్యసించి, సీసాను చొక్కా జేబులో వేసుకుని నిచ్చెన ఎక్కాను. పైమెట్టు మీద కొలత టేపు కోసం వంగగానే సీసా మూత ఊడి, ద్రావణమంతా నా ఛాతీ మీద ఒలికింది. నీళ్లలాంటి పదార్థమే కదా అని నేను తేలిగ్గా తీసుకున్నాను. ఎండ తగిలిన కొద్దీ అది ముదురు గోధుమరంగుకు, మధ్యాహ్నానికి నలుపుకు తిరిగింది. చొక్కా సరే, చొక్కా కింద ఉన్న నేను కూడా. ఆ మచ్చ పదిహేడు రోజులు ఉంది. "ఏటి బాబూ, గోడకెట్టాల్సిన పరీచ్చ నీకే ఎట్టుకున్నావు?" అని తాత సున్నం కలుపుతూనే అడిగాడు.

కొత్త సీసా కావాలని ఆఫీసుకు రాస్తే రెండు నెలలు పడుతుందన్నారు. వానలు అంతకాలం ఆగుతాయని ఎవరూ రాసివ్వలేదు. గత్యంతరం లేక నేను తాత పద్ధతికే దిగాను. దిగినవాణ్ణి ఊరుకోకుండా దాన్ని శాస్త్రీయం చేశాను. పాడైన భాగాన్ని బొగ్గుతో అడుగు చదరపు గడులుగా విభజించి, ఒకటి నుంచి నలభై ఎనిమిది వరకు నంబర్లు వేశాను. నాలుకకు ఒక కొలబద్ద తయారుచేశాను: సున్నా అంటే మంచినీళ్లు, ఒకటి అంటే ఉప్పు మరచిన పప్పు, రెండు సరిగ్గా కుదిరిన చారు, మూడు మా మెస్సు సాంబారు, నాలుగు ఎండుచేప, ఐదు సాక్షాత్తు సముద్రం. అన్ని గడులూ ఒకటికి దిగితేనే గచ్చు. రోజూ ఉదయం ఆరున్నరకు, ఎండ ముదరకముందే, ఒక్కొక్క గడిని నాకడం, నీళ్లతో పుక్కిలించడం, పుస్తకంలో అంకె వేయడం. పై వరుసలకు స్టూలు, మధ్య వరుసలకు వంగడం, అట్టడుగున ఉన్న నలభై ఒకటి నుంచి నలభై ఎనిమిది వరకు మోకాళ్ల మీద కూర్చోవడం.

ఆ మోకాళ్ల మీద ఉన్న సమయంలోనే, నలభై మూడో గడికి నాలుక ఆనించి కళ్లు మూసుకుని రెండా మూడా అని నిర్ణయించుకుంటూ ఉండగా, వెనక నుంచి "ఏం చేస్తన్నారు బాబూ?" అని వినిపించింది. పొద్దున పూజకు వచ్చిన టీచరమ్మ. ఆ చర్చి బడిలో పాఠం చెబుతూ, పాటల బృందాన్ని కూడా నడిపే ఆవిడ. క్లోరైడ్ల సంగతి వివరంగా చెప్పవలసిన ఘట్టమది. కానీ ఇరవై మూడేళ్ల వయసులో, నాలుక మీద ఇటుక పొడితో, మోకాళ్ల మీద ఉన్న మనిషికి శాస్త్రం గుర్తుకు రాదు, చిలిపితనమే గుర్తుకొస్తుంది. "మొక్కుబడండి" అన్నాను.

"ఏటి మొక్కు బాబూ?"

"ఉద్యోగం పర్మనెంటు కావాలని. రోజూ నలభై ఎనిమిది సార్లు."

ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నా పుస్తకం వైపు, నంబర్ల వైపు, నా ముఖం వైపు చూసి, శిలువ గుర్తు వేసుకుని లోపలికి వెళ్లింది. మర్నాడు తన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. స్టీల్‌ప్లాంటు ఇంటర్వ్యూ కార్డు కోసం రెండేళ్లుగా ఎదురుచూస్తున్న మనిషి. "ఎక్కడ బావా?" అని నన్నడిగాడు. నేను మహా గంభీరంగా నలభై మూడో గడి చూపించాను. (ఇక్కడే నిజం చెప్పి ఉంటే ఈ కథ లేదు. కానీ ఆరడుగుల మనిషి మోకాళ్ల మీద వంగి గోడ నాకుతుంటే చూడాలన్న దుర్బుద్ధి నన్ను జయించింది.) నాలుగో రోజున అతనికి కార్డు వచ్చింది. నేను కవరు తెప్పించుకుని పోస్టు ముద్ర చూశాను. అతను నాకడానికి రెండు రోజుల ముందే అది డబ్బాలో పడింది. ఆ మాట టీచరమ్మతో అంటే, "ప్రభువుకి ముందే తెలీదా బాబూ, మావాడు వస్తాడని?" అంది. నేను కవరు మడిచి తిరిగి ఇచ్చేశాను.

తరువాతి వారం నేను వెళ్లేసరికి గోడ ముందు వరుస కట్టి ఉంది. క్రైస్తవులు ఉన్నారు, బొట్టు పెట్టుకున్న అమ్మలు ఉన్నారు, గోపాలపట్నం టీకొట్టు బ్యాచి మొత్తం ఉంది. "నలభై మూడుకే ఎల్లండి, మిగతావి పని సేయవంట" అని ఒకాయన సర్దుబాటు చేస్తున్నాడు. "నీకు కార్డొచ్చింది కదరా, మల్లీ ఏటి?" "ఇది మా తోడల్లుడి కోసం లేరా!" నాకినవాళ్లు ఊరుకున్నా బాగుండేది, వేలిగోటితో ఇటుక పొడి గీరి కాగితంలో పొట్లం కట్టుకుపోతున్నారు. స్కేలు పెట్టి కొలిచాను. పది రోజుల్లో నలభై మూడో గడి తొమ్మిది మిల్లీమీటర్లు లోతయింది. సున్నం తాత నా పక్కన నిలబడి, "సముద్రం నూరేళ్లలో తిన్నంతా ఈళ్లు పది రోజుల్లో తినేత్తన్నారు బాబూ" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, ఆశ్చర్యమే ఉంది. నాకు అదే ఎక్కువ గుచ్చుకుంది.

అసలు విపత్తు ఆ శనివారం వచ్చింది. మా వైపు మొక్కు తీరితే కళ్లుప్పు సమర్పించే అలవాటు కొందరికి ఉంది. మరికొందరికి కార్డులు వచ్చాయి కాబోలు, గోడ మొదట్లో దోసిళ్లతో ఉప్పు పోసి, పైన నాలుగు మిరియాలు చల్లి, కొవ్వొత్తి వెలిగించి పోయారు. నేను వెళ్లేసరికి కుప్ప మోకాలెత్తు ఉంది. రాత్రి వీచిన సముద్రపు గాలికి అడుగున చెమ్మగిల్లి, ఇటుకల్లోకి హాయిగా ఎక్కుతోంది. నేను వెంటనే నాకి చూశాను. ఒకటికి దిగిన నలభై ఒకటో గడి ఐదు చూపించింది. మూడు మట్టిపట్లతో లాగినదంతా భక్తి ఒక్క పూటలో తిరిగి పెట్టేసింది. ఆకాశంలో మబ్బులు అప్పటికే యారాడ కొండ మీద కూర్చుని ఉన్నాయి. వాన రావచ్చు, గచ్చు ఎక్కకపోవచ్చు, పద్మనాభం బస్సు మాత్రం తప్పకుండా వస్తుంది.

తిన్నగా ఫాదర్ గారి దగ్గరికి వెళ్లి, అబద్ధంతో సహా సమస్తం ఒప్పుకున్నాను. ఆయన చాలాసేపు నవ్వు ఆపుకుని, "రేపు పూజ అయ్యాక నువ్వే చెప్పు నాయనా. చేసినవాడే విప్పాలి" అన్నారు. ఆదివారం నేను గోడ బొమ్మ గీసిన అట్ట పట్టుకుని అందరి ముందు నిలబడ్డాను. కేశనాళికా చర్య గురించి, ఉప్పు స్ఫటికాల పీడనం గురించి, నాలుక కేవలం ఒక పరీక్షా సాధనమన్న సంగతి గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాను. నేను మొక్కుకోలేదని, వేళాకోళానికి అన్నానని, క్షమించమని కూడా చెప్పాను. జనం కదలకుండా విన్నారు. అయిపోయాక ముందు వరుసలోని ఒక ముసలమ్మ పక్కావిడతో అన్న మాట నాకు స్పష్టంగా వినిపించింది: "ఎంత ఇనయవే! మొక్కు పైకి సెప్పుకోకూడదని ఎలా దాత్తన్నాడో సూడు." మధ్యాహ్నానికి వరుస రెట్టింపయింది.

"ముప్ఫై ఏళ్లుగా నా ప్రసంగాలు కూడా వీళ్లు ఇలాగే వింటున్నారు" అని ఫాదర్ గారు నా భుజం తట్టారు.

దారి చూపింది సున్నం తాత. గచ్చులో కలపడానికి ఆయన తొట్టెలో కరక్కాయలు నానబెట్టి ఉంచాడు. "ఉపన్యాసం సెవికి ఎక్కదు బాబూ, ఇది నాలిక్కి ఎక్కుతాది. గోడకేటీ అవదు. ముందు నువ్వు సూడు" అని ఆ నీళ్లు ఒక చిప్పెడు ఇచ్చాడు. వగరు అన్న మాట నాకు అంతకు ముందు తెలుసుననుకున్నాను. నాలుక వెనక్కి ముడుచుకుని, బుగ్గలు లోపలికి పోయి, పావుగంట వరకు 'ర' అక్షరం పలకలేకపోయాను. తాత నన్ను పరిశీలనగా చూసి, "సరిపోయినాది" అని కుంచె అందుకున్నాడు. సోమవారం ఉదయం వరుసలో మొదట నిలబడ్డ పెద్దమనిషి నలభై మూడుకు నాలుక ఆనించి, లేచి, ఎవరితోనూ మాట్లాడకుండా గేటు దాటి వెళ్లిపోయాడు. ముఖం చూసినవాళ్లు సగం మంది ఆయన వెనకే నడిచారు. బుధవారానికి మిగిలింది ఒక్కడే, టీచరమ్మ తమ్ముడు. "మొక్కంటే ఆ మాత్తరం కష్టం ఉండాల కదా బావా" అన్నాడు, కళ్లనీళ్లు తుడుచుకుంటూ. అంత నిష్ఠ వృథా కాకూడదని తాత అతని చేతికి మట్టితట్ట ఇచ్చాడు.

ముగ్గురం కలిసి ఉప్పు ఎత్తి పారబోశాం, గోడ కడిగాం, మళ్లీ మూడు పట్లు వేశాం. నలభై మూడో గడిలో గోళ్లు తిన్న ఇటుకలను తీసి పాత ఇటుకలే వెతికి పొదిగాం. అన్ని గడులూ ఒకటికి దిగిన సాయంత్రమే గచ్చు మొదలుపెట్టి, అయిదో రోజుకు ముగించి, గోనెపట్టాలు కప్పి తడిపాం. పన్నెండో రోజున వాన పడింది. మామూలు వాన కాదు, సముద్రం లేచి వచ్చి తలుపు కొట్టినంత వాన. తాతా నేనూ చర్చి లోపల నిలబడి గోడకు అరచేతులు ఆనించి చూశాం. పొడిగా ఉంది. తాత నా అరచేతిని తిప్పి చూసి, తన కండువాతో తుడిచాడు.

నెల తిరక్కుండా నాకు పర్మనెంటు కాగితం వచ్చింది. ఆ సంగతి టీచరమ్మకు ఎలా తెలిసిందో, గేటు దగ్గరే ఎదురయింది. తమ్ముడు కూడా పక్కన ఉన్నాడు, అతనికీ ఉద్యోగం ఖాయమైంది. "సూశారా బాబూ! మా వాడిదీ అయింది, మీదీ అయింది. మీరేమో అందరి ముందూ నమ్మకం లేనట్టు మాట్లాడేశారు" అంది. కారణానికీ కాకతాళీయానికీ భేదం చెప్పడానికి నోరు తెరిచాను. ఆవిడ కళ్లలోకి చూసి మూసుకున్నాను.

ఆ తరువాత చాలా గోడలు చూశాను, చాలా నివేదికలు రాశాను, దశాంశ స్థానాల దగ్గర ఎవరితోనూ రాజీపడలేదు. నా జీవితంలో దిద్దకుండా వదిలేసిన తప్పుడు లెక్క అదొక్కటే. ఇప్పుడు ఆ గేటు దగ్గర నోరు మూసుకుని నిలబడ్డ కుర్రవాణ్ణి తలుచుకుంటే, వాడి తప్పు విలువ ఎంతో మిల్లీమీటర్లలో చెప్పగలను గానీ, వాణ్ణి మందలించడానికి మాత్రం నాకు మనసు రాదు. అంతమంది అంత నమ్మకంతో చూసిన ముఖం నాకు మళ్లీ ఎన్నడూ దొరకలేదు.