బండి కింద డ్రైవరు సీటు

"పుంగనూరు, పలమనేరు, కుప్పం... రైట్ రైట్" అన్న కేక రావలసిన వైపు నుంచి రాలేదు. నాకు భయం పుట్టింది సరిగ్గా అప్పుడే.

మా ఇంట్లో బస్సు ముందుగదిలో ఉంటుంది. నిన్న ఆదివారం మధ్యాహ్నం వంటింట్లో సంగటి కెలుకుతూ, ఓ చెవి దాని మీదే వేసి ఉన్నాను. డ్రైవరు మా అబ్బాయి, వాడికి నాలుగేళ్లు. కండక్టరు మా అమ్మాయి, రెండో తరగతి. డ్రైవరే అయినా కేకలు కూడా వాడే వేస్తాడు. మదనపల్లెలో జనాన్ని ఎక్కించుకుని, కుప్పంలో మా అమ్మగారింటి ముందు దించుతాడు. కేక ముందుగది నుంచి వచ్చినంతసేపు నాకు నిశ్చింత. నిన్న అది వరండా నుంచి వచ్చింది. వరండాలో ముందు చక్రం లేని మోటార్‌సైకిల్ ఉంది.

ఆ బండి అలా ఎందుకు ఉందో చెప్పాలంటే క్రేట్ల సంగతి చెప్పాలి.

మా మదనపల్లెలో టమోటా క్రేటు లేని ఇల్లు నేనింతవరకు చూడలేదు. తోటల నుంచి మార్కెట్టుకు టమోటాలు మోసే ఈ ప్లాస్టిక్ పెట్టెలు ఎలా వస్తాయో తెలియదు, వచ్చాక మాత్రం తిరిగి వెళ్లవు. మా ఇంట్లో ఒకదానిలో చెప్పులుంటాయి, ఒకదానిలో ఉల్లిపాయలు. అటక మీది సామాను దించాలంటే బోర్లించి ఎక్కేదీ అదే. మిగిలినవన్నీ కలిపితే పిల్లల బస్సు. అన్నీ ఎర్రవి, ఒక్కటి మాత్రం నీలం. ఆ నీలం క్రేటు డ్రైవరు సీటు. దాని మీద కండక్టరు కూడా కూర్చోకూడదు.

ఆదివారం పొద్దున చూస్తే బండి ముందు టైరులో గాలి లేదు. సోమవారం మా ఆయన పక్క ఊరు అంగళ్లులో ఆఫీసుకు వెళ్లాలి. తోసుకుంటూ పోతే ట్యూబు చీలిపోతుందనీ, చక్రం ఇంట్లోనే ఊడదీసి పంక్చరు అంగడికి తీసుకుపోతాననీ అన్నారు. ఆ మాట అనడానికి వారం నుంచి ఫోన్లో వీడియోలు చూస్తూ కాచుకుని ఉన్నారని నా అనుమానం.

బండికి సెంటర్ స్టాండు వేశారు. ముందున్న లెగ్‌గార్డు కింద కుడివైపొక క్రేటు, ఎడమవైపొక క్రేటు బోర్లించి, మీద పాత దుప్పటి మడిచి పెట్టారు. ఎడమవైపుది నీలం.

"ఇది టమోటాలు మోసేది కదా, బండిని మోస్తుందా?" అన్నాను.

"లారీలో ఒకదాని మీద ఒకటి ఎంతెత్తు పేరుస్తారో సూడల్యా నువ్వు? అడుగునుండేదానికి ఏమన్నా అయితాందా? ఈ బండి దానికొక లెక్కా?"

పుంగనూరు నుంచి వచ్చి మా దగ్గర ఉన్న మా అత్త కూడా తలూపింది. ఈ వైపువాళ్లకు క్రేటు మీదుండే నమ్మకం అలాంటిది. లారీలో ఒక క్రేటు కింది క్రేటు అంచుల మీద కూర్చుంటుంది, బరువు నాలుగు మూలల నుంచి దిగుతుంది. ఇక్కడేమో బోర్లించిన క్రేటు నడిమధ్యన, సన్నని ప్లాస్టిక్ బద్దల మీద లెగ్‌గార్డు ఇనుప కమ్మీ. డిగ్రీలో ఫిజిక్స్ చదివినదాన్ని, నేనూ తలూపాను.

చక్రం ఊడింది. దాన్ని ముందు పెట్టుకుని, పక్కింటాయన స్కూటర్ అడిగి, "ఇప్పుడే వస్తా" అని మా ఆయన వెళ్లారు.

కేక విని, సంగటి కట్టె చేతిలో ఉండగానే వరండా గుమ్మం దగ్గరికి వచ్చాను. డ్రైవరు బండికి ఎడమపక్క గొంతుక్కూర్చుని, నీలం క్రేటు పిడి సందుల్లో రెండు చేతులూ దూర్చి లాగుతున్నాడు. లాగినప్పుడల్లా వాడి తల మీద హ్యాండిల్ అటూ ఇటూ ఊగుతోంది. క్రేటు పైభాగం అప్పటికే ఉయ్యాలలా కిందికి దిగి ఉంది.

అరవాలని నోరు తెరిచి మూసుకున్నాను. నేను అరిస్తే వాడు చేసే పని ఆపడు, లాక్కుంటానేమోనని ఇంకా తొందరగా చేస్తాడు. బలపం మింగింది అలాగే.

"డ్రైవరన్నా," అన్నాను.

వాడు తల తిప్పాడు.

"బస్సు కుప్పం పోతాదా?"

"పోతాది. సీటు ల్యా. నాయన ఈడ పెట్టేసినాడు. తీస్తాండా."

"పుంగనూరులో టీకి ఆపినావా?"

వాడు లాగడం ఆపి ఆలోచించాడు. మేము కుప్పం వెళ్లినప్పుడల్లా పుంగనూరు బస్టాండులో డ్రైవరు దిగి, ప్యాంటు పైకి లాక్కుని, టీ తాగి వస్తాడు. మావాడికి స్టీరింగు కన్నా ఆ దిగడం అంటేనే గౌరవం.

"ఆపల్యా," అన్నాడు.

"టీ ఈడ పెట్టిండా. సల్లారిపోతాంది. దిగి రాప్పా."

"బిస్కెట్టు?"

"బిస్కెట్టు కూడా."

వాడు చేతులు బయటికి తీశాడు. లేచాడు. నిక్కరు పైకి లాక్కున్నాడు. నిజం డ్రైవరు ఎంత నిదానంగా నడుస్తాడో అంత నిదానంగా నడిచి వచ్చాడు. గడప దాటగానే, సంగటి కట్టెతో సహా వాడిని వాటేసుకుని ఎత్తుకున్నాను. వెనకాల టప్‌మని బద్ద విరిగింది. బండి ఎడమకు ఒరిగి, లెగ్‌గార్డు క్రేటులోకి దిగబడి ఆగింది. అప్పటిదాకా డ్రైవరు మోకాళ్లున్న చోటు మీదికి హ్యాండిల్ వాలింది.

వాడిని కిందికి దించి, బండి పడిపోతుందని పట్టుకోబోయాను. మా అత్త నా కొంగు పట్టి లాగింది.

"యాడికి మ్మా? పడితే పడనీ. ఇనుమును అతికించేటోళ్లు ఉండారు. నీకు కట్లు కట్టే ఓపిక నాకు ల్యా."

తలుపు గడియ పెట్టాం. అప్పుడు కండక్టరు తాపీగా వచ్చి, "సీటు లేకుండా బస్సు కదలదని నేనే పంపిస్తి," అంది.

కాసేపటికి మా ఆయన గాలి నిండిన చక్రం పట్టుకుని నవ్వుతూ వచ్చారు. కిటికీలో మా నాలుగు మొహాలు చూసి ఆగిపోయారు.

"ఏమైంది?"

"ఏమీ కాలేదప్పా," అంది మా అత్త. "నీ బండి క్రేట్లో కూర్చోనుండాది. అట్లే మార్కెట్టుకు తోలుకపో."

"వాడు యాడ ఉండె?" అన్నారు నన్ను చూసి. చూపించాను. చక్రం కింద పెట్టి మెట్టు మీద కూర్చున్నారు. ఆయన మొహం చూసి, నేను అనాలనుకున్నవి అనలేదు. అవన్నీ ఇప్పుడు పిల్లలు నిద్రపోయాక ఇలా రాసుకుంటున్నాను.

మా ఇంటి ఓనరమ్మ మేడ మీద నుంచి అంతా చూస్తూనే ఉంది. "మా బక్రీద్ మొద్దు ఉండాది, తీసుకోపో బేటా," అంది. "యాట మొత్తం దాని మీదే కొడతారు. నీ బండికి భయపడేది కాదది."

అది నలుగురు కూర్చోగలిగేంత గట్టి చింత మొద్దు. దాన్ని మోసుకొచ్చారు. పక్కింటాయన ఒకవైపు, మా ఆయన ఒకవైపు బండిని లేపి నిలబెట్టారు. మొద్దు మీద పీట పెట్టి ఇంజిన్ కిందికి జరిపి, కదలకుండా ఆనించారు. ముందు భాగం పైకి లేచి, వెనక చక్రం నేలకు ఆనాలంటే వెనక సీటు మీద బరువుండాలి. మా ఆయన వాళ్లమ్మ వైపు చూశారు.

"నన్ను సూడగాకు. నేను బస్తాను కాదు."

బియ్యం మూట సీటుకు కట్టారు. చక్రం ఎక్కించడానికి ఎవరూ కింద కూర్చోకముందే, హ్యాండిల్ పట్టి బండిని బాగా ఊపి చూడమన్నాను. ఊపారు, కదల్లేదు. చక్రం ఎక్కేదాకా నేను గడియ మీద చెయ్యి తీయలేదు. సాయంత్రం డ్రైవరు బాగా ఏడ్చాడు, సీటు విరిగిపోయిందని.

ఈ పొద్దున వాళ్ల నాయన బండి తీయకముందు ఇద్దర్నీ వరండాలో నిలబెట్టాను. డ్రైవరు విరిగిన నీలం క్రేటు వదలకుండా పట్టుకున్నాడు.

"బండి కూడా ప్యాసింజరే," అన్నాను. "చక్రం ఊడదీస్తే దానికి కాళ్లు ఉండవు. అందుకే దానికి సీటు ఇస్తాం. అది దిగేదాకా ఆ సీటు ఎవరూ లాగగూడదు. దాని పక్కకే పోగూడదు. నాయన ఉన్నా సరే, లేకున్నా సరే."

"అది యాడ దిగుతాది?" అంది కండక్టరు.

"చక్రం ఎక్కిన స్టాపులో."

డ్రైవరు ఆలోచించాడు. "మరి నేను టీకి దిగేది?"

"నేను డ్రైవరన్నా అని పిలిస్తే మాత్రం, ఎంత పనిలో ఉన్నా వదిలేసి దిగి రావాల," అన్నాను. "బిస్కెట్టు ఎప్పుడూ ఉంటాది."