ప్రార్థన మనవి పేరుతో నేను చెప్పిన మాట

మా పాపకు ఫిట్స్ వస్తాండాయని నాకు తెలిసేసరికి ఆరు నెలలు గడిచిపోయినాయి సహోదరీలారా. ఒకే ఇంట్లో ఉంటూ, నా పక్కనే చాప మీద పండుకుంటూ, కన్నతల్లికి తెలియకుండా తొమ్మిదో తరగతి చదివే బిడ్డ ఆరు నెలలు ఆ సంగతి దాచుకునింది. బడిలో రెండుసార్లు పడిపోతే, మా అమ్మకు చెప్పద్దండి అని స్నేహితురాళ్ళ చేత ఒట్టు వేయించుకునిందంట. యాల దాచినావు తల్లీ అని నేను అడిగినప్పుడు ఆ బిడ్డ చెప్పిన జవాబే ఈ పొద్దు నన్ను మీ ముందర నిలబెట్టింది. ఆ జవాబు దగ్గరికి వస్తాను, ముందు నేను ఎట్లాంటిదాన్నో చెప్పాల.

నా పేరు సుగుణమ్మ. పుట్టింది సదుం పక్క పల్లెలో, మెట్టింది పుంగనూరులో. మా ఇంటాయనకు బస్టాండు దగ్గర సైకిల్ షాపు ఉండేది, నేను ఇంట్లో మిషను పెట్టుకోని జాకెట్లు కుట్టేదాన్ని. నాకు తాగుడు లేదు, దొంగతనం లేదు, సినిమాలు కూడా చూసేదాన్ని కాదు. బాప్తిస్మం తీసుకున్నదాన్ని, పాటల గుంపులో ముందర నిలబడేదాన్ని, స్త్రీల సహవాసానికి సెక్రటరీని. నన్ను ఎవరైనా వేలెత్తి చూపించేదానికి ఏముండాదిలే అనుకునేదాన్ని. అయితే మిషను ఉండే ఇంటికి ఆడవాళ్ళు ఊరికే రారు కదా, కొలతలు ఇచ్చేసి ఒక గంట కూచుంటారు, ఆ గంటలో ఊరంతా మా ఇంట్లోకి వచ్చి పోయేది. ఎవరి కోడలు పుట్టింటికి పోయింది, ఎవరి కొడుకు యాడ తిరుగుతాండాడు, అన్నీ నాకు ముందే తెలిసేవి. తెలిసిందాన్ని నేను చాడీలుగా చెప్పేదాన్ని కాదమ్మా, అదే నా మోసం. శుక్రవారం మూడు గంటలకు స్త్రీల కూటం ఉండేది, ఆడ ప్రార్థన మనవులు చెప్పండి అనగానే నేను కండ్లు తుడుచుకుంటా లేచి, ఫలానా అక్క ఇంట్లో నెమ్మది, సమాధానం లేదు, ప్రార్థన చేయండి అని చెప్పేదాన్ని. చేతులు జోడించి చెప్పిన మాట కాబట్టి అది పాపమని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు.

అప్పుడు మా సంఘంలో ఒక టీచరమ్మ ఉండేది. ఆమె అసలు పేరు చెప్పను, రాహేలు అని పిలుస్తాను. ముప్పై ఏండ్లు ఉంటాయి, పెండ్లి కాలేదు, సొంతూరు కుప్పం. పుంగనూరులో ఒక చిన్న ప్రైవేటు బడిలో పని చేస్తా, ఆదివారం పిల్లలకు వాక్యం చెప్పేది. మా పాపకు ఆమె అంటే ప్రాణం. ఆ టీచరుకు మదనపల్లె నుంచి ఒక మంచి సంబంధం వచ్చి, మాటలు జరుగుతాండాయి.

ఒక శనివారం నేను లైనింగ్ గుడ్డ తెచ్చుకుందామని మదనపల్లెకు పోయినాను. బస్టాండులో చూస్తే రాహేలు టీచరు ఒక మగమనిషి చెయ్యి పట్టుకోని నిలబడి ఉండాది. ఆయనకు ముప్పై ఐదేండ్లు ఉంటాయి. టీ గ్లాసు ఆమే పట్టుకోని తాగిస్తాంది, కొంగుతో ఆయన మూతి తుడుస్తాంది. నన్ను చూసి చప్పున మొఖం తిప్పుకునింది. అంతే నేను చూసింది. పది అడుగులు వేసి, వందనాలు టీచరమ్మా, ఈయన ఎవరు అని అడిగి ఉంటే అయిపోయేది. నేను అడగలేదు. బస్సెక్కి పుంగనూరు వచ్చేలోపల ఆ చూసిందానికి ముందు ఒక కథ, వెనక ఒక కథ నా మనసులోనే కుట్టేసుకున్నాను.

ఆ శుక్రవారం కూటంలో లేచి, మన రాహేలు టీచరు శోధనలో ఉండాది, ఒక మనిషి చేతిలో చిక్కుకోని ఉండాది, విడుదల కోసం ప్రార్థించండి అన్నాను. నేను కాక పద్నాలుగు మంది ఉన్నారు. అందరూ కండ్లు మూసుకోని ప్రార్థన చేసినారు, కండ్లు తెరిచి ఇండ్లకు పోయినారు. ఆదివారానికి చర్చి అంతా తెలిసింది, ఇంకో వారానికి బడికి తెలిసింది. తల్లిదండ్రులు ఒప్పుకోరమ్మా అని బడివాళ్ళు ఆమెను నిలిపేసినారు. మదనపల్లె సంబంధం వాళ్ళు ఏ మాటా చెప్పకుండానే తప్పుకున్నారు. రాహేలు టీచరు ఎవరితోనూ గొడవ పడలేదు, ఎవరు చెప్పినారని అడగలేదు. ఒక పెట్టె, ఒక పరుపు చుట్ట బస్సు మీద వేయించుకోని కుప్పం పోయింది. పాపం చేసిన వాళ్ళు వెలుగులో నిలబడలేరు అని నేను అప్పుడు ఒకరితో అన్నాను కూడా.

రెండేండ్లు గడిచినాయి. ఒక పొద్దున మా పాప పండ్లు తోముకుంటా బాయి దగ్గర పడిపోయి కొట్టుకునింది. నోట్లో నురుగు, కండ్లు పైకి పోయినాయి. నేను కేకలు పెడితే మా ఇంటాయన పరిగెత్తుకోని వచ్చి ఎత్తుకున్నాడు. కాసేపటికి తేరుకున్నాక, ఇదే మొదటిసారి కాదని, బడిలో కూడా వచ్చిందని ఏడుస్తా చెప్పింది. యాల దాచినావు తల్లీ అని అడిగినాను.

"నీకు చెబితే శుక్రవారం కూటంలో చెప్తావు కదమ్మా. రాహేలు టీచర్ని గురించి చెప్పినట్ల."

మా ఇంటాయన నన్ను చూసి తల వంచుకున్నాడు. జబ్బు కన్నా నన్ను చూసే ఎక్కువ భయపడింది నా బిడ్డ.

మరుసటి రోజు మదనపల్లెలో నరాల డాక్టరు దగ్గరికి తీసుకోని పోయినాము. చీటీ తీసుకోని బెంచీ మీద కూచుంటే, ఎదురు బెంచీలో రాహేలు టీచరు ఉండాది. పక్కన అదే మనిషి. ఆయన తలకాయ ఆమె భుజం మీద వాల్చి, పసిబిడ్డ మాదిరి ఆమె కొంగు వేలికి చుట్టుకుంటా ఉండాడు. నేను చీటీలోకి తల వంచుకున్నాను. మా పాప మాత్రం, టీచర్ అని లేచి పోయి ఆమె పక్కన కూచునింది. ఆమె పాప తల నిమిరి, అంతా విని, మాత్రలు ఒక పూట కూడా మానద్దు పాపా, మా అన్న రెండుసార్లు మానేసి చానా కష్టపడినాడు, మానకుండా వేసుకుంటే బాగుంటావు, చదువుకోవచ్చు అని చెప్పింది.

మా అన్న. ఆ రెండు మాటలు వినేదానికి నాకు రెండేండ్లు పట్టింది సహోదరీలారా. చదువుకునే వయసులో ఆయనకు మనసు చెదిరిందని ఆమె పాపకు మెల్లగా చెప్తాంటే విన్నాను. ఊర్లో పిచ్చోడు అంటారని తల్లీ కూతురూ ఎవరికీ చెప్పకుండా, నెలకొకసారి కుప్పం నుంచి తెచ్చి ఈడ చూపిస్తాండారు. అంతకన్నా ఏమీ లేదు.

వాళ్ళ పేరు పిలిచినారు. ఆమె అన్న చెయ్యి పట్టుకోని లేచి, నా ముందర ఒక్క నిమిషం నిలబడింది. తిడుతాదేమో అనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"మీ పాప సంగతి నేను ఎవరికీ చెప్పనక్కా. మీరు దిగులు పడద్దండి" అని చెప్పి లోపలికి పోయింది.

ఇంటికి వచ్చి మిషను మీద తల పెట్టి ఏడ్చినాను. నేను చేసిన ప్రార్థన ఇదే. "ప్రభువా, ఇన్నాళ్ళు నీ పేరు చెప్పి మనుషుల్ని పొడిచినాను. నన్ను క్షమించు, ఏం చెయ్యాల్నో చెప్పు." మూడు రోజులు అట్లనే ఉంది నా పరిస్థితి. నాలుగో రోజు మా చర్చి పాస్టరు అయ్యగారి భార్య దగ్గరికి పోయి అంతా ఒప్పుకున్నాను. అమ్మగారు నన్ను ఓదార్చలేదు. ఇట్లా అన్నారు.

"దేవుని దగ్గర ఒప్పుకున్నావు, మంచిది. అయితే ఆ మాట నువ్వు దేవునితో చెప్పలేదు కదా సుగుణా, పద్నాలుగు మందితో చెప్పినావు. వాళ్ళ దగ్గర కూడా ఒప్పుకోవాల."

కానుక బలిపీఠం దగ్గరే పెట్టేసి ముందు పోయి సమాధానపడమని ప్రభువు చెప్పింది పాట పాడుకునేదానికి కాదు, కాళ్ళకు చెప్పులు వేసుకోని బయలుదేరేదానికి అన్నారు. ఇంకొకటి కూడా చెప్పినారు, అదే అన్నిటికన్నా కష్టమైంది. ఆ అన్న సంగతి నువ్వు బయటపెట్టి ఆమె పేరు బాగుచెయ్యద్దు, అది నీ సొత్తు కాదు, నీ తప్పు మాత్రం చెప్పు అన్నారు.

శుక్రవారం కూటంలో లేచినాను. రాహేలు టీచర్ని గురించి నేను చెప్పింది నేను కల్పించుకున్న మాట, ఆమెలో ఏ తప్పూ లేదు, తప్పు నాది అని చెప్పినాను. అందరూ మెచ్చుకుంటారని కాదు గానీ, అయిపోతాదిలే అనుకున్నాను. యాడ అయిపోతాది, వెంటనే ఒకామె, మరి ఆ మనిషి ఎవరే అని అడిగింది. నాకు తెలిసినా చెప్పేది నాది కాదక్కా అన్నాను. అయితే నిజమే అన్నమాట, ఇప్పుడేదో దాస్తాండావు అన్నారు. వాళ్ళన్న అని ఒక్క మాట అంటే నేను మంచిదాన్ని అయిపోతాను, ఆమె పేరూ తేటపడతాది. ఆ మాట నా నాలుక చివర దాకా వచ్చింది. "ప్రభువా, నా నోరు నువ్వే పట్టుకో" అని లోపల్నే ప్రార్థన చేసుకుంటా నిలబడినాను. నా బ్రతుకులో తెలిసిన సంగతి చెప్పకుండా ఉండడం అదే మొదటిసారి. దేవునికే మహిమ, ఆ పొద్దు ఆయన పట్టుకున్నాడు.

తర్వాత పద్నాలుగు ఇండ్లకూ పోయినాను. కొందరు కండ్ల నీళ్ళు పెట్టుకున్నారు, కొందరు నవ్వినారు, ఒకామె తలుపు కూడా సరిగ్గా తియ్యలేదు. బడికి పోయినాను, ఆమె చోట్లో వేరే టీచర్ని పెట్టుకున్నాము, ఇప్పుడేం చెయ్యలేము అన్నారు. మదనపల్లెలో ఆ సంబంధం వాళ్ళింటికి పోతే, ఆ అబ్బాయికి పెండ్లయి ఒక బిడ్డ కూడా ఉండాడు. ఇప్పుడు చెప్పి ఏం లాభమమ్మా అని వాళ్ళమ్మ మెల్లగా అనింది. ఆమె అనింది న్యాయమే. నోరు జారేదానికి ఒక నిమిషం పట్టింది, రెండేండ్ల తర్వాత దాని వెనక ఎంత తిరిగినా కొన్ని నా చేతికి తిరిగి రాలేదు. క్షమాపణ దొరుకుతాది, పోయినవన్నీ తిరిగొస్తాయని మాత్రం నేను మీకు అబద్ధం చెప్పను.

కడాకు కుప్పం పోయినాను. తలుపు తీసింది వాళ్ళమ్మ. నేనెవరో చెప్పగానే ఆ పెద్దామె వాకిట్లోనే నిలబడిపోయింది. "నా బిడ్డ మూడు నెలలు చర్చి గడప తొక్కలేదమ్మా, అందరూ చూస్తారని" అనింది. నేను ఆమె కాళ్ళ దగ్గర కూచుండిపోయినాను. లోపల్నుంచి రాహేలు టీచరు వచ్చి నన్ను లేపి, కుర్చీ వేసి, నీళ్ళు ఇచ్చింది. నేను చెప్పాల్సింది చెప్పినాను, ఏమీ దాచలేదు.

"ఎప్పుడో క్షమించినానక్కా. క్షమించకపోతే మా అన్నను చూసుకునే బలం నాకు యాడ ఉంటాది. అయితే పుంగనూరికి మాత్రం రాను, నన్ను పిలవద్దండి."

నేను పిలవలేదు. ఆమె ఆడే ట్యూషన్లు చెప్పుకుంటా ఉండాది. మా పాప మాత్రలు మానకుండా వేసుకోని, ఇంటర్ పూర్తి చేసి, నర్సింగ్ చదివి, ఇప్పుడు ఉద్యోగంలో ఉండాది, ఫిట్స్ వచ్చి చానా ఏండ్లయింది. ఈ సాక్ష్యంలో వాళ్ళ సంగతులు చెప్పేదానికి పాపను అడిగినాను, టీచర్ని అడిగినాను. ఆమె వాళ్ళన్నను అడిగింది. ఆయన ఇప్పుడు నెమ్మదిగా ఉండాడు, దగ్గరుండే అంగట్లో పొట్లాలు కడతాడు. ఎవరికైనా ఉపయోగమైతే చెప్పమను అన్నాడంట.

సహోదరీలారా, నేను చదువుకున్నదాన్ని కాదు, పెద్ద బోధ చెయ్యలేను. నాకు కాలిన తర్వాత నేర్చుకున్నది చెప్తాను. ఒకరి సంగతి కూటంలో చెప్పేముందు, వాళ్ళు చెప్పమన్నారా అని నన్ను నేను అడిగి చూసుకుంటాను. చెప్పమనకపోతే ఇంట్లో తలుపు వేసుకోని ప్రార్థన చేస్తాను, దేవునికి వాళ్ళ ఇంటి నెంబరు నేను చెప్పాల్సిన పని లేదు. ఎవరిలోనైనా తప్పు కనిపించిందా, ప్రభువు చెప్పినట్లు ఒంటరిగా వాళ్ళ దగ్గరికే పోయి అడుగుతాను. సగానికి సగం ఆడ తప్పే ఉండదు. అంగడి మాదిరి మాటలు జరిగిన మా ఇంట్లో మిషను చప్పుడు తప్ప ఏమీ వినిపించడం లేదని కొందరు జాకెట్లు కుట్టించేదానికి వేరే యాడికో పోయినారు. పోనీ అనుకున్నాను.

మీలో ఎవరికైనా ఇది వింటా ఉంటే ఒక మనిషి మొఖం గుర్తొస్తాందేమో. ఆ మొఖాన్ని గుర్తుకు తెచ్చేది మీ ప్రభువే, భయపడద్దండి. మీరు ఒప్పుకుంటే ఆయన తోసెయ్యడు, మీతో పాటు ఆ గడప దాకా నడిచొస్తాడు, నాతో పద్నాలుగు గడపలకు నడిచినాడు. ఈ వారంలోనే పోండి.

మొన్న ఒకరోజు మధ్యాహ్నం రాహేలు టీచరు మా పక్కింటికి ఫోన్ చేసి నన్ను పిలిపించింది. అక్కా, నాకొక ప్రార్థన మనవి ఉండాది, మీకు మాత్రమే చెప్తాండాను అనింది. నేను విన్నాను, ప్రతిరోజూ ప్రార్థన చేస్తాండాను. ఆ మనవి ఏందో మీకు చెప్పను. దేవునికే మహిమ కలుగును గాక, ఆమేన్.