వచ్చిన పనేంది అని అడిగే మా చిన్నాయన

పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున నేను కాలేజీకి బయల్దేరుతుంటే కోవిల్‌పట్టి నుంచి మా చిన్నమ్మ ఫోను. "మీ సిన్నాయన పోయినాడప్పా" అంది. కాపీ తాగి, గ్లాసు కింద పెట్టి, అట్లాగే గోడకు ఒరిగిపోయాడట. విరుదునగరంలో బస్సెక్కి అక్కడికి చేరేదాకా నాకు ఏడుపు రాలేదు. వాకిట్లో ఆయన చెప్పులు చూశాక వచ్చింది.

మా చిన్నాయన చేసిన పని మీలో చాలామందికి తెలిసి ఉండదు. తమిళనాడులో తెలుగు మాట్లాడే మా నల్లరేగడి పల్లెల్లో సినిమా తీయడానికి వచ్చేవాళ్లకు పర్మిషన్లు తెచ్చిపెట్టేవాడు. విదేశాలవాళ్లు వస్తే పని రెండింతలు. ఒక్కొక్కరి పాస్‌పోర్టూ తీసి, ఏ వీసా మీద వచ్చారో, అందులో ఏ పనికి ఒప్పుకున్నారో వేలు పెట్టి చదివేవాడు. "వచ్చిన పనేంది?" ఇదే ఆయన మొదటి ప్రశ్న. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లను కూడా అట్లాగే అడిగి చిన్నమ్మ చేత తిట్లు తిన్నాడు.

ఒకసారి ఒక విదేశీ యూనిట్ దిగింది. అందరికీ సినిమా వీసాలే, సౌండు మనిషికి మాత్రం టూరిస్టు వీసా. "మైకు పట్టుకోవడం కూడా ఒక పనేనా సార్?" అని మేనేజరు నవ్వాడు. "దినమంతా సెయ్యెత్తి పట్టుకో, పనో కాదో తెలుస్తాది" అన్నాడు చిన్నాయన. ఆ మనిషిని షూటింగు దగ్గరికి రానివ్వకుండా, టూరిస్టు కదా అని తానే వెంటబెట్టుకుని ఆలంగుళం సున్నపురాయి క్వారీ అంతా తిప్పి చూపించాడు. పాపం, అక్కడ చూడటానికి ఏముంది!

సినిమా హాల్లో ఆయన పక్కన కూర్చోవడం ఒక శిక్ష. తెర మీద తల్లి చచ్చిపోయి జనమంతా ముక్కులు తుడుచుకుంటుంటే, "ఈ సోటికి పర్మిషన్ తెచ్చేదానికి పన్నెండు దినాలు పట్టింది" అని నా చెవిలో చెప్పేవాడు.

ఇదంతా చాదస్తమనే అనుకునేవాణ్ని, నా దాకా వచ్చేవరకూ. రెండేళ్ల కిందట మా కాలేజీకి ఒక విదేశీ నాట్యకారుడు వచ్చాడు. చేతుల్లో గుడ్డలు పట్టుకుని వరసలు కట్టి దుందుభి మోతకు మావాళ్లు ఆడే దేవరాట్టం చూసి పోవాలనీ, మళ్లీ మళ్లీ వచ్చి పూర్తిగా నేర్చుకోవాలనీ అతని కోరిక. పుదూరు పక్కన మా ఊళ్లో జక్కమ్మ గుడి పండగకు రమ్మని పిలిచాను. ఊరి పెద్ద అడిగితే నా ఫోనులోంచి అతని ఫోటో కూడా పంపాను. మావాళ్లకు మర్యాద చేయడమంటే ఫ్లెక్సు వేయడమే కదా. రోడ్డు మీద రెండాళ్లెత్తు బోర్డు లేచింది. అతని ముఖం, కింద తమిళంలో, విదేశీ కళాకారుడు ఆడే దేవరాట్టం అని.

చిన్నాయన బస్సు దిగి బోర్డు చూశాడు. నేరుగా నా దగ్గరికొచ్చి, "ఆయప్ప వీసా సూసినావా?" అన్నాడు. నేను చూడలేదు. అడిగి చూస్తే టూరిస్టు వీసా. ప్రోగ్రాము పెట్టి ఆడితే అది వీసాలో లేని పని. ఎవరైనా ఫిర్యాదు చేస్తే అతన్ని వెనక్కి పంపేస్తారు, మళ్లీ ఈ దేశానికి రానివ్వకపోవచ్చు.

ఊరి పెద్దకు కోపమొచ్చింది. మా గుడి ముందుకు వచ్చిన అతిథిని చేయి పట్టి ఆటలోకి లాగకపోతే అమ్మవారికే అవమానం. "జక్కమ్మ ముందర ఆడేదానికి గవుర్మెంటు కాగితమా?" అన్నాడు.

"జక్కమ్మ అడగదన్నా. బోర్డులో ఫోటో ఏసినాంక అడిగేవాళ్లు వేరే ఉండారు" అని చిన్నాయన తానే నిచ్చెనెక్కి ఫ్లెక్సు దించాడు.

ఆ సాయంత్రం దుందుభి మోగుతుంటే అతను కుర్చీలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పక్క కుర్చీలో చిన్నాయన. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ ఆట ఒక్క ఏడాది తప్పనివాడు, ఆ ఏడు లేవలేదు. ఎందుకని అడిగాను. "మనమే పిలిచి కూసోబెట్టినాము. ఒంటిగా కూసోబెట్టేది మరియాద గాదు" అన్నాడు. అతని కాలు తాళం వేస్తుంటే ఆపమని చెప్పబోయాను. "ఇడిసిపెట్టప్పా, దానికి వీసా వద్దు."

తర్వాత నెలల తరబడి వెంటపడి, అతని కొత్త వీసాకు ఆహ్వాన పత్రం నా చేత మూడుసార్లు తిరగరాయించాడు, మాట్లాడటం మానేసిన ఊరి పెద్ద ఇంటికి తానే పోయి సంతకం తెచ్చాడు. అతనికి ఆడటానికే అని వీసా వచ్చింది. ఆయనకు నేను ఒక్కసారీ చేతులెత్తి మొక్కలేదు. ఇప్పుడు రాస్తున్నది అందుకే.

పోయిన ఏడు పండగకు ఊరి పెద్దే అతనికి తలపాగా చుట్టాడు. చిన్నాయన పంచె ఎగ్గట్టి అతని ముందు వరసలో నిలబడ్డాడు. వేగం పెరిగేకొద్దీ ముసలివాళ్లు ఒక్కొక్కరే పక్కకు తప్పుకున్నారు, ఆయన తప్పుకోలేదు. అడుగు తప్పినప్పుడల్లా అతను ఆయన పాదాల వంకే చూసి అందుకున్నాడు. చివరికి దుందుభి ఆగింది, అందరూ ఆగారు. ఆ నిశ్శబ్దంలో, రెండు చేతుల్లో తెల్ల గుడ్డలు పైకెత్తి, మా చిన్నాయన ఒక్కడే ఇంకో అడుగు వేశాడు.