నేను చంపేసిన హార్డ్ డిస్క్

ఇది ఒక మహాయుద్ధం కథ. ఒక పక్క కొన ఊపిరితో ఉన్న యంత్రం, ఇంకో పక్క కళ్లనీళ్లతో ఒక అమ్మాయి, మధ్యలో స్క్రూడ్రైవర్ పట్టుకుని నేను. అలా మొదలుపెడితే బాగుంటుందనిపించింది. నిజానికి మొత్తం గంటన్నర పట్టింది, అందులో ఇరవై నిమిషాలు టీకే పోయాయి.

పోయిన ఏడాది మార్చి. అనకాపల్లిలో, ఫోన్ కవర్లమ్మే కొట్టు పైగదిలో నా కంప్యూటర్ రిపేరు షాపు. నాకు రెండు వ్యసనాలు: లినక్స్, గేములు. లినక్స్ అంటే విండోస్‌లాగే కంప్యూటర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్. ఊరికే ఇస్తారు, అందుకే ఎవరూ నమ్మరు. గేముల వల్ల నేను తెలుసుకున్నదల్లా ఒకటే. రంగురంగుల లైట్ల కీబోర్డు కొన్నంత మాత్రాన ఆట బాగుపడదు. ఓడిపోయేటప్పుడు వెలుతురు మాత్రం బాగుంటుంది.

ఒక మధ్యాహ్నం నూకరాజు గారు ల్యాప్‌టాప్‌ను చంటిబిడ్డలా తువ్వాలులో చుట్టుకుని మెట్లెక్కి వచ్చారు. ఆయన బెల్లం మార్కెట్లో ఒక కొట్టు గుమస్తా. వెనకే ఆయన కూతురు సత్య, డిగ్రీ ఆఖరి సంవత్సరం.

"బాబూ, పొద్దున్నించీ నీలం తెర తప్ప ఏటీ రాటం నేదు. రేపు పదింటికి మా గుంట కాలేజీలో ప్రాజెక్టు ఇచ్చీయాలట. కాస్త సూడు" అన్నారాయన.

"మూడు నెల్ల పనండీ" అంది సత్య. "ఇవ్వకపోతే ఈ ఏడాది పాసవను."

"ఇంకెక్కడైనా కాపీ ఉందా అమ్మా?"

"పెన్‌డ్రైవ్‌లో పెడదామనుకున్నానండీ."

బ్యాకప్ అనేదాన్ని ప్రపంచమంతా పాటించే పద్ధతి ఇదే. పెడదామనుకోవడం.

ఆన్ చేశాను. ఆయన చెప్పిన నీలం తెరే, బయోస్ తెర, వచ్చింది. కంప్యూటర్ నిద్రలేచి ఒళ్లు విరుచుకునే చోటు అది, అక్కడ సెట్టింగులు తప్ప ఇంకేమీ ఉండవు. బయటికొస్తే మళ్లీ అక్కడికే వెళ్లింది. ఫైళ్లన్నీ దాచే హార్డ్ డిస్క్ పాడైనా ఇలాగే జరుగుతుంది. నేను పెద్ద డాక్టరులా గొంతు సవరించుకుని, "డిస్క్ పోయినట్టుందండీ" అన్నాను.

సత్య స్టూలు మీద కూలబడింది.

"పోనాదంటే? ఎక్కడికి పోనాది బాబూ?"

"నాన్నా, నువ్వే కదా పొద్దున్న కొట్టుకి పట్టుకెళ్లేవు!"

"రేట్లు సూడ్డానికి అట్టుకెల్లేనే. నేనేటి సేసేను దాన్ని, నమిలీసేనా?"

డిస్క్ ఊడదీసి నా లినక్స్ కంప్యూటర్‌కు తగిలించాను. ఒక్క క్షణంలో ఫోల్డర్లన్నీ వరసగా కనిపించాయి. శవానికి జలుబు కూడా లేదు. ముందు ప్రాజెక్టును రెండు పెన్‌డ్రైవుల్లో ఎక్కించాను. సత్య ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది.

ఆ ప్రాజెక్టు ఒక గేము. బెల్లం దిమ్మ రంగు చూసి అది ఏ రకమో చెప్పాలి. తప్పు చెబితే తెర మీద ఒక మీసాలాయన తిడతాడు.

"ఆ మీసం నాదే" అన్నారు నూకరాజు గారు. అప్పటిదాకా ఏడుపు ముఖంతో ఉన్న మనిషి ఆ మీసం దువ్వుకున్నారు. నేను ఆడితే పదికి సున్నా వచ్చింది. "నీది అనకాపల్లేనా బాబూ?" అని అనుమానంగా అడిగారు.

డిస్క్ బాగుంటే మరి జబ్బెక్కడ? నేను లినక్స్ భక్తుణ్ణి కాబట్టి నేరం విండోస్ మీద మోపాను. డిస్క్ మళ్లీ బిగించి, విండోస్‌తో పనిలేకుండా నడిచేలా లినక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ పెట్టి, ఉచిత సాఫ్ట్‌వేర్ గొప్పతనం మీద అయిదు నిమిషాలు ఉపన్యాసం ఇచ్చి, ఆన్ చేశాను. అదే నీలం తెర.

ఉపన్యాసం విన్నది ఒక్క చీమే. అది కీబోర్డు మీద ఎక్కడా ఆగకుండా తిన్నగా ఎఫ్2 దగ్గరికి నడిచింది. ఆ ల్యాప్‌టాప్‌లో ఎఫ్2 నొక్కి ఆన్ చేస్తే బయోస్‌లోకి వెళ్తుంది. వేలు పెట్టి చూశాను. ఆ మీట లోపలికి దిగి అతుక్కుపోయి ఉంది, నా వేలూ కాస్త అతుక్కుంది.

"నూకరాజు గారూ, కొట్లో దీన్ని ఎలా వాడతారు?"

"ఎలాగేటి? దిమ్మ గిల్లి, నోట్లో ఏసుకుని, రుసి సూసి, రేటు కొడతాను."

"చెయ్యి కడుక్కోరా?"

"దిమ్మ దిమ్మకీ సెయ్యి కడుక్కుంటా కూకుంటే బేరం ఎవడు సేత్తాడు?"

"నాన్నా!" అని సత్య తల పట్టుకుంది. తర్వాత నవ్వడం మొదలుపెట్టి చాలాసేపు ఆపలేదు.

మీట ఊడదీసి, గోరువెచ్చని నీళ్లలో తడిపిన గుడ్డతో బెల్లమంతా తుడిచి, ఆరబెట్టి బిగించాను. విండోస్ ఏ పాపమూ ఎరగనట్టు తెరుచుకుంది. మర్నాడు సత్య ఫోన్ చేసింది. పరీక్ష చేసే సారు రెండుసార్లు ఆడి రెండుసార్లూ తిట్లు తిన్నారట, అయినా మార్కులు బాగా వేశారట. ఇప్పుడు ఆ అమ్మాయి రెండో గేము రాస్తోంది, లినక్స్‌లో. అనకాపల్లిలో నా మతం పుచ్చుకున్న మొదటి మనిషి.

ఆ రోజు నుంచి నేను ఏ యంత్రం చావునూ తొందరపడి ప్రకటించడం లేదు. ముందు దాని యజమాని చేతులు ఏం పని చేస్తాయో అడుగుతున్నాను. ఇంత జరిగాక నాకు ఖాయంగా తెలిసిన సాంకేతిక విషయం మాత్రం ఒక్కటే.

బెల్లం గోరువెచ్చని నీళ్లలో కరుగుతుంది.