ఒక్క ఫ్లాపీలో పట్టిన కంప్యూటర్

మా ఇళ్లలో ఏ పెళ్లి జరిగినా, భోజనాలయ్యి నలుగురూ వక్కాకు నోట్లో వేసుకోగానే ఎవరో ఒకరు మొదలుపెడతారు: "మా పాప కంప్యూటర్ మొత్తాన్నీ ఒక్క ఫ్లాపీలో పెట్టుకొచ్చింది, తెలుసునా?" అందరూ నవ్వుతారు, నేనూ నవ్వాలట. ఆ కథ అబద్ధమని నేననను, సగం కథ అంటాను. తక్కిన సగంలో మా చిన్నాయన ఉన్నాడు. పెద్దవాడు కాబట్టి ఆ సగాన్ని ఎవరూ చెప్పరు.

ఆ రోజుల్లో డిగ్రీ చదివిన ఆడపిల్ల మూడు నెలలు కంప్యూటర్ నేర్చుకుంటే చాలు, ఆమెకు తెలియనిది లేదని ఊరంతా నమ్మేది. (అందరికంటే గట్టిగా నమ్మింది నేనే.) అనంతపురంలో బీకాం ముగించి, గుంతకల్లులో చిన్నాయన నడిపే డీటీపీ సెంటర్లో కూర్చున్నాను. శుభలేఖలు, కరపత్రాలు కొట్టడం నా పని. దాంతోపాటు మధ్యాహ్నం పూట గార్డు తాత పుస్తకం. ముప్పైయేళ్లకు పైగా గూడ్సు బండి చివరి పెట్టెలో ఒంటరిగా తిరిగి రిటైరైన మనిషి ఆయన. మాట్లాడాల్సినవన్నీ అట్టే మిగిలిపోయినట్టున్నాయి. చేతిలో కాగితం ముక్క లేకుండా వచ్చి కూర్చుని "రాసుకో పాపా" అనేవాడు, నేను నేరుగా కంప్యూటర్లో కొట్టేదాన్ని. ఉగాదికి పాత గార్డులూ డ్రైవర్లూ అందరూ కలిసే రోజున ఆ పుస్తకం పంచాలని ఆయన పట్టుదల. ఏడు నెలలు పట్టింది. ఒక్క పేజీ కూడా ప్రింటు తీయలేదు, ఎందుకంటే చిన్నాయన రిబ్బన్ అరిగిపోతుందని "అంతా అయినాంక ఒకేతూరి తీద్దాం" అన్నాడు. (ఇది మీరు గుర్తు పెట్టుకోవాలి. మా వాళ్లు పెట్టుకోరు.)

అంతలో కొత్త కంప్యూటర్ వచ్చింది. దాన్ని తెచ్చినవాడు పాతదాన్ని మార్పిడి కింద తీసుకుపోతానన్నాడు. శుక్రవారం, పదిన్నరకు రాహుకాలం. కరెంటు వచ్చింది పదింటికి. ఉన్న అరగంటలో పాతదాంట్లోని ఫైళ్లన్నీ కొత్తదాంట్లోకి చేరాలని చిన్నాయన ఒక చేతిలో టెంకాయ, ఇంకో చేతికి గడియారంతో నా నెత్తిన నిలబడ్డాడు.

"ఇంకా ఎంతసేపుమే? రాహుకాలంలో మార్చిన పని ముందుకు పోదు."

"చేస్తాండా కదా చిన్నాయనా! నువ్వు పక్కకు జరుగు, వెలుతురు రానీ."

అప్పుడు నాకొక గొప్ప ఉపాయం తట్టింది. ఫోల్డర్లలోకి వెళ్లి వెతకడమెందుకు, తెర మీద వరసగా బొమ్మలున్నాయి కదా! అన్నిటినీ పట్టి ఫ్లాపీలోకి లాగాను. రెండు నిమిషాల్లో అయిపోయింది. పది ఫ్లాపీలు తెప్పించుకుంటే ఒక్కదాంట్లోనే అన్నీ పట్టాయి. చిన్నాయన వాకిట్లోకి పోయి దారిన పోయేవాళ్లను పిలిచి మరీ చెప్పాడు: "మా పాప చూడండప్పా, అంత పెట్టెను ఇంత బిళ్లలోకి దించింది!" టెంకాయ కొట్టాడు. పదింబావుకల్లా పాత కంప్యూటర్ ఆటో ఎక్కింది.

మధ్యాహ్నం గార్డు తాత వచ్చాక పుస్తకం బొమ్మ మీద నొక్కితే, అలాంటి ఫైలే లేదంది. శుభలేఖలూ లేవు, కరపత్రాలూ లేవు. నేను తెచ్చినవి ఫైళ్లు కావు, అవి ఎక్కడున్నాయో చూపే గుర్తులు మాత్రమే. ఇంటి చిరునామా రాసుకుని ఇల్లు తెచ్చాననుకున్నాను. చిన్నాయన ఫోన్ చేస్తే అవతలివాడు తాపీగా, "దాన్ని అప్పుడే తుడిచేసినాము కదన్నా" అన్నాడు.

"యాడికి పోయింది పాపా నా పుస్తకం?"

"పోయింది తాతా. నాదే తప్పు." (అప్పట్లో అంత వినయంగా ఉండేదాన్ని.)

ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. "పోనీలే. ఉగాదికి ఇంకా రెండు నెల్లుండాది. మళ్లా రాసుకో."

ఏడు నెలల పని రెండు నెలల్లో లాగాం. ఒక చిన్న స్టేషన్లో బండి నలభై నిమిషాలు నిలిచిపోయిన కథ దాకా వచ్చాం. మొదటిసారి ఆయన చెప్పింది నాకు అక్షరం అక్షరం గుర్తుంది: రెండు ప్లేట్ల ఉగ్గాని, ఆరు బజ్జీలు తిని నిద్రపోయాడు, పచ్చజెండా ఊపలేదు, డ్రైవరు బండి పొడుగునా నడిచొచ్చి లేపాల్సి వచ్చింది. ఈసారి చూస్తే, పట్టాల మీదికి గొర్రెల మంద వచ్చిందట. ఈయన గమనించి జెండా దాచిపెట్టాడట.

"గొర్రెలు యాడివి తాతా? పోయినతూరి నిద్రపోతినంటివే?"

"నేనా? అట్లా అంటినా? యాడ రాసుకుంటివి, చూపించు."

ఏం చూపించను? ఉగాది రోజున ఆ అధ్యాయం చదివితే అందరూ చప్పట్లు కొట్టారు. ఆనాటి డ్రైవరు మాత్రం కొట్టలేదు.

ఇప్పుడు తాత లేడు. చిన్నాయన ఉన్నాడు, ఆయన్ని అడిగి లాభం లేదు. నా సంగతికొస్తే, ఈ కథ చెప్పిన ప్రతిసారీ నా తప్పు కాస్త తరుగుతోంది, చిన్నాయనది కాస్త పెరుగుతోంది. నేను గమనించడం లేదనుకోకండి. ఎవరూ అడక్కుండానే తన నిద్ర సంగతి ఇరవై రెండేళ్ల పిల్లతో రాయించిన మనిషి, పుస్తకం పోయిందని విన్నప్పుడు కళ్లజోడు తుడుచుకున్నది బాధతోనా, బతికిపోయాననా?