తోమినా పోని తెలుపు

మా మనవరాలు మహాదేవి ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. పోయిన ఎండాకాలం ఆదోని నుంచి ఎమ్మిగనూరులో మా ఇంటికి వచ్చి, సంచిలోంచి అరచేయంత ఇనుప బిళ్ళ తీసి కిటికీలో పెట్టి పడుకునింది. బిళ్ళ మీద సున్నం గట్టిపడినట్టు తెల్లగా ఉంది. కడిగితే నీళ్ళచెంబుకు మూతగా పనికొస్తుందని బూడిద, ఇటుకపొడి వేసి కొబ్బరిపీచుతో అరగంట తోమినాను. తెలుపు పోనే లేదు.

పాప లేస్తానే, “ఏం సున్నమే ఇది, నా రెక్కలు పడిపోయినాయి!” అన్నాను.

“అయ్యో అవ్వా! సున్నం కాదు, పింగాణి పూత. ఇంజను మంటకు ఇనుము చెడకుండా పూసేది. మూడు నెల్లు కష్టపడి చేసినా. రేపే సారుకు చూపించాల!” అని అరిచింది.

పిల్ల చదువునే తోమేసినానని భయపడినాను. అది బిళ్ళను ఎండలో పెట్టి, భూతద్దంతో చూసి చూసి, ఉన్నట్టుండి నవ్వింది.

“ఒక్క గీత పడలేదవ్వా! నీ తోముడికే నిలిచిందంటే ఇంక మంట దీన్నేం చేస్తుంది?”

అడక్కుండా ఒకరి వస్తువు ముట్టుకోవడం నాదే తప్పు. కన్నబిడ్డలతో కూడా ఏనాడూ అననిదాన్ని, “తప్పయింది పాపా” అన్నాను. ఆ మాట ఇంకోసారి అనిపించాలని సాయంత్రం దాకా సతాయించింది. నేను అనలేదు.